పిల్లి రక్తములో కొవ్వు - దానికి తగిన పథ్యము

మన ఇండ్లలో పిల్లికి వేరుగా వండు ఆచారము లేదు. ఇంటివారు తినగా మిగిలిన పాలన్నమో, పెరుగన్నమో, చేప తలకాయో దాని వంతు. ఎలుక దాని సొంత సంపాదన. కాని నేడు పట్టణములలో పెక్కు పిల్లులు గడప దాటకుండ, బిడ్డలవలె పెరుగుచున్నవి. వాటికి రక్తపరీక్షలును జరుగుచున్నవి. పరీక్షాపత్రములో “కొలెస్టరాల్ ఎక్కువ” అను మాట కనబడగానే ఇంటివారికి తమ పెద్దల గుండెజబ్బు జ్ఞప్తికి వచ్చును. వెంటనే మాంసము మానిపించి మజ్జిగన్నము పెట్టుదురు. పిల్లి ముట్టకున్నచో “ఆకలి వేసిన అదే తినును” అని ఊరకుందురు. మనుష్యుని పథ్యమును ఇట్లు పిల్లికి అంటగట్టుట దాని ప్రాణమునకే ముప్పు తేగలదు. అది యెట్లో వివరింపదలచితిమి.

కొవ్వు నీటిలో కరగదు. అందుచేత రక్తములో మాంసకృత్తులు దానిని చిన్న చిన్న మూటలుగా కట్టి మోసికొనిపోవును. కొన్ని మూటలు కొలెస్టరాలును కాలేయము నుండి శరీరమునకు చేర్చును. కొన్ని శరీరము నుండి కాలేయమునకు మరలించును. మనుష్యుని రక్తములో మొదటి జాతి మూటలు అధికము. అవి మితిమీరినచో ధమనుల గోడలలో కొవ్వు పేరుకొనును. పిల్లి రక్తములో రెండవ జాతిదే పైచేయి. కనుకనే పిల్లులలో ధమనులు పూడి గుండె దెబ్బతినుట మిక్కిలి అరుదు. పిల్లులకు గుండెజబ్బులు లేకపోలేదు. కాని అవి వేరు తెగకు చెందినవి.

అట్లయిన కొలెస్టరాల్ పెరుగుట కేమి కారణము? మొదట చూడవలసినది పరీక్షకు ముందు పిల్లి ఆహారము తిన్నదా అనునది. తిన్న తరువాత రక్తములో కొవ్వు పెరుగుట సహజము. సుమారు 12 గంటలు ఆహారము లేకుండ తీసిన రక్తమునే ప్రమాణముగా గ్రహింపవలెను. అప్పుడును ఎక్కువగా ఉన్నచో, తరచుగా దాని వెనుక మరియొక వ్యాధి దాగియుండును: మధుమేహము, మాంసకృత్తులను మూత్రములో పోగొట్టు మూత్రపిండ వ్యాధి, పైత్యరసమునకు అడ్డంకి, క్లోమము వాపు మొదలైనవి. మూలవ్యాధికి చికిత్స జరిగినచో అంకె తనంత తానే దిగివచ్చును. పథ్యము కూడ వ్యాధిని బట్టి మారును. మధుమేహమున్న పిల్లికి పిండిపదార్థములు తక్కువగా నుండు ఆహారము హితము. కొవ్వు తీసిన మేతలలో తరచు ఆ లోటును పిండితో పూరింతురు. అనగా ఒక అంకెను దించబోయి మరియొక దానిని పెంచినవార మగుదుము.

కొవ్వు తగ్గించుటయే ఔషధమైన సందర్భము కూడ కలదు. 1983లో న్యూజీలండు పశువైద్యులు వంశపారంపర్యముగా వచ్చు ఒక వ్యాధిని పిల్లిలో వర్ణించిరి. రక్తములోని కొవ్వును విడగొట్టవలసిన ఎంజైము ఈ వ్యాధిలో సరిగా పనిచేయదు. రక్తము పాలమీగడ వలె తెల్లబడును. కొవ్వు గడ్డలు నరములను నొక్కి కాళ్లు చచ్చుబడవచ్చును. ఇట్టి పిల్లులకు కొవ్వు తక్కువైన ఆహారమిచ్చినచో కొన్ని నెలలలో కోలుకొనుట కలదు. ఇందు మిక్కిలి పెరుగునది ట్రైగ్లిసరైడు అను కొవ్వు. కావున పత్రములో ఆ అంకెను కూడ చూడవలెను.

వైద్యుడు కొవ్వు తగ్గింపుమని చెప్పినను మాంసము మానరాదు. పిల్లి పుట్టుకచేతనే మాంసాహారి. టారిన్ అను పదార్థము దానికి ఆహారము నుండియే రావలెను. పప్పుధాన్యములలో అది లభింపదు. టారిన్ లోపించినచో కంటిపొర చెడి చూపు పోవునని 1975లోను, గుండె కండరము బలహీనపడునని 1987లోను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. క్యారట్టు, గుమ్మడి తినిపించి విటమిన్ ఏ సమకూర్చుటయు సాధ్యము కాదు. పిల్లి శరీరమునకు ఆ మార్పు చేయు శక్తి లేదు.

కాబట్టి తగ్గింపవలసినది మాంసమును కాదు, దానిని అంటియున్న కొవ్వును. కోడిమాంసము తోలు తీసి, నూనె, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండ ఉడికింపవలెను. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషతుల్యములు. టారిన్ నీటిలోనికి దిగును గనుక ఉడికిన నీటిని పారబోయక, చల్లార్చి, పైన తేలిన కొవ్వును తీసివేసి మాంసముతోపాటు పెట్టవలెను. నేయి, మీగడ, వేపిన చేప మానవలెను. అయినను ఉడికిన మాంసమొక్కటే సంపూర్ణాహారము కాదు. అందు సున్నపు పదార్థము చాలదు. ఇంటివంట కొనసాగింపదలచినచో పశువైద్యునిచే పట్టిక వ్రాయించుకొనుట అవసరము.

కొనితెచ్చు మేతలలో చిన్న లెక్క చూడవలెను. ఒక డబ్బాపై కొవ్వు 5 శాతము, నీరు 78 శాతము అని ఉన్నదనుకొందము. నీరు పోగా మిగులునది 22 పాళ్లు. అందు కొవ్వు 5. అనగా నూటికి సుమారు 23. ఎండుగుళికల సంచిపై కొవ్వు 12 శాతము, నీరు 10 శాతము ఉన్నచో, 90 పాళ్లలో 12 కొవ్వు. అనగా నూటికి సుమారు 13 మాత్రమే. పైకి తక్కువగా తోచినదే నిజమునకు ఎక్కువ. “కనీసము” అని అచ్చువేసినచో అసలు కొవ్వు అంతకు మించియు ఉండవచ్చును.

క్రొత్త ఆహారమును పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుచు 7 నుండి 10 దినములలో మార్చవలెను. పిల్లిని, అందును బొద్దుగా ఉన్న పిల్లిని, పస్తులుంచరాదు. కొన్ని దినములు తినకున్నచో ఒంటిలోని కొవ్వు కాలేయములోనికి చేరి దానిని క్రుంగదీయును, ప్రాణమే పోవచ్చును. ఒక దినమెల్ల ముట్టకున్నచో వైద్యునికి తెలుపవలెను. బరువు తగ్గింపవలసివచ్చినను వారమునకు నూటికి రెండు పాళ్లు మించరాదు. 6 కిలోల పిల్లికి అది 120 గ్రాములు.

కావున పత్రము చేతికి రాగానే వంటయింటిలోనికి పోవుటకు ముందు వైద్యుని మూడు ప్రశ్న లడుగవలెను. ఈ రక్తము పరగడుపున తీసినదేనా? పెరిగినది కొలెస్టరాలా, ట్రైగ్లిసరైడా? దీని వెనుక మరియొక వ్యాధి కలదా? పథ్యమేదో ఈ మూడింటి సమాధానములే నిర్ణయించును.