కంప్యూటరు ఎక్కడ ఆగింది?

రేడియో పెట్టె మూగపోయినప్పుడు తెలివైన గృహస్థు వెంటనే దాని వెనుక చెక్క విప్పడు. ఇంట్లో కరెంటు ఉన్నదా, ముల్లు సరియైన చోట ఉన్నదా, పొరుగింటి రేడియో పలుకుతున్నదా అని వరుసగా చూస్తాడు. ప్రసార కేంద్రం నుండి మన చెవి దాకా వచ్చే దారిలో ధ్వని ఏ మజిలీలో తెగిపోయిందో తెలిస్తే సగం మరమ్మతు అయినట్లే. కార్యాలయాలలోని కంప్యూటర్లకు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించేటప్పుడు ఎదురయ్యే చిక్కులకు కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే యంత్రానికీ, మనం దానిచేత చేయించుకునే పనికీ నడుమ నిలిచే మూల వ్యవస్థ. అది లేని కంప్యూటరు కేవలం లోహపు పెట్టె. విండోస్ 10 అనే వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ సంస్థ తన సాధారణ సంరక్షణను 2025 అక్టోబరు 14వ తేదీతో ముగించింది. దాని తరువాతిదైన విండోస్ 11, 2021లో వెలువడినది, కనీసం 4 గిగాబైట్ల మెమరీనీ, 64 గిగాబైట్ల నిల్వ స్థలాన్నీ, టీ.పీ.ఎమ్. 2.0 అనే భద్రతా సాధనాన్నీ కోరుతుంది. అందుచేత పాత యంత్రాలను మార్చడం, ఉన్నవానికి కొత్త వ్యవస్థను ఎక్కించడం అనేక కార్యాలయాలకు తప్పనిసరి అయినది. ఒక్క యంత్రమైతే మనిషి కూర్చుండి చేతితో చేయవచ్చును. వందల యంత్రాలున్న చోట ఒక సర్వరు నుండి నెట్‌వర్కు తీగల ద్వారా పంపుతారు. ఆ ప్రయాణంలో నాలుగు మజిలీలు ఉన్నవి.

మొదటిది పిలుపు. ఖాళీ యంత్రం మేలుకోగానే దానికి తన చిరునామా తెలియదు, సర్వరు ఎక్కడున్నదో తెలియదు. అప్పుడది పీ.ఎక్స్.ఈ. అనే పద్ధతిని అనుసరించి నెట్‌వర్కులో దండోరా వేస్తుంది. ఇంటెల్ సంస్థ ఈ పద్ధతి తాలూకు 2.1 నిబంధనావళిని 1999లో ప్రకటించినది. ‘నాకు చిరునామా ఇచ్చేవారెవరు? నన్ను లేపే ఫైలు ఎవరి దగ్గర ఉన్నది?’ అన్నది ఆ దండోరా సారాంశం. ఐతే దండోరా ఊరి పొలిమేర దాటదు గదా! నెట్‌వర్కులో రౌటరు అనే సాధనమే ఆ పొలిమేర. సర్వరు మరొక అంతస్తులో, మరొక విభాగపు నెట్‌వర్కులో ఉంటే, పిలుపును అందుకొని అవతలికి చేరవేసే ఏర్పాటు రౌటరులో చేసి ఉండవలె. అది లేకపోతే యంత్రం కొంతసేపు ఎదురుచూచి విరమించుకుంటుంది. పరీక్ష సులభం. అదే యంత్రాన్ని తీసుకొనిపోయి సర్వరు ఉన్న విభాగంలోనే తగిలించవలె. అక్కడ పలికితే దోషం యంత్రానిది కాదు, దారిది.

రెండవది మేలుకొలుపు ఫైలు. పాత యంత్రాలలో బయాస్, కొత్త యంత్రాలలో యూ.ఈ.ఎఫ్.ఐ. అని రెండు విధాల తొలి వ్యవస్థలు ఉంటవి. ఒకదానికి పనికివచ్చే ఫైలు మరొకదానికి పనికిరాదు. అన్ని యంత్రాలకూ ఒకే ఫైలు పేరును స్థిరంగా వ్రాసిపెట్టిన చోట ఒక తరం యంత్రాలు చక్కగా లేస్తవి, మరొక తరం యంత్రాలు ఒక్కటీ లేవవు. ఇక ఈ ఫైళ్లను తెచ్చే టీ.ఎఫ్.టీ.పీ. అనే పద్ధతి తాపీమేస్త్రీకి ఇటుకలు అందించే కూలీ వంటిది. ఒక ఇటుక అందిన పిమ్మటనే రెండవది తీస్తాడు. ఇటుక పరిమాణం మామూలుగా 512 బైట్లు. 400 మెగాబైట్ల ఫైలు అనుకుందాం. సుమారు 8 లక్షల 19 వేల ఇటుకలు అవసరం. ఒక్కొక్కదానికి రాకపోకలు సెకనులో వెయ్యవ వంతు పట్టితే 14 నిమిషాలలో పని ముగుస్తుంది. దూరపు శాఖలో ఆ కాలం పదింతలైతే రెండు గంటల పైమాటే! యంత్రం చెడిందని అందరూ అనుకొనేది నిజానికి ఈ ఆలస్యమే కావచ్చును. ఇటుక పరిమాణాన్ని పెంచే వీలు ఉన్నది. లేదా సర్వరును శాఖకు దగ్గరగా ఉంచవచ్చును.

మూడవ మజిలీలో విండోస్ పీ.ఈ. అనే చిన్న తాత్కాలిక వ్యవస్థ యంత్రపు మెమరీలో ప్రాణం పోసుకుంటుంది. పెద్ద వ్యవస్థను దించి డిస్కు మీద పరచవలసిన మేస్త్రీ ఇదే. ఇక్కడ ఒక వింత తటస్థిస్తుంది. క్షణం క్రితం నెట్‌వర్కులో చక్కగా మాట్లాడిన యంత్రమే ఇప్పుడు నోరు మెదపదు. కారణమేమంటే, ఇంతవరకు మాట్లాడినది యంత్రంతో పుట్టిన తొలి వ్యవస్థ. ఇప్పుడు వచ్చిన మేస్త్రీకి ఆ యంత్రపు నెట్‌వర్కు సాధనం భాష తెలియదు. ఆ భాషను నేర్పే చిన్న ప్రోగ్రామునే డ్రైవరు అంటారు. అనుమతించి ఉంచిన చోట్ల ఎఫ్8 మీట నొక్కితే ఆజ్ఞలు వ్రాసే కిటికీ తెరుచుకుంటుంది. అక్కడ చిరునామా కనిపించకపోతే నెట్‌వర్కు డ్రైవరు లోపించినదని మొదట అనుమానించవలె. చిరునామా ఉండి డిస్కు కనిపించకపోతే నిల్వ సాధనపు డ్రైవరు లేదన్నమాట. ఇంటెల్ వారి వీ.ఎమ్.డీ. అనే ఏర్పాటు గల యంత్రాలలో ఇది తరచుగా జరుగుతుంది. మరొకటి గడియారం. లోపలి చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోయిన యంత్రం తేదీని మరచిపోతుంది. విండోస్ డొమైనులో మామూలు నియమం ప్రకారం 5 నిమిషాలకు మించి కాలభేదం ఉంటే సర్వరు ఆ యంత్రాన్ని నమ్మదు. అంకెల తాళాలన్నీ సరిగానే ఉన్నా తలుపు తెరుచుకోదు.

నాలుగవది అసలు పని: డిస్కును విభజించడం, వ్యవస్థను పరచడం, తిరిగి మేల్కొల్పి కార్యాలయపు డొమైనులో చేర్చడం. ఇక్కడ ఆగితే తెర మీద 80070005 వంటి సంకేతం కనిపిస్తుంది. దానిని చూచి బెదరనవసరం లేదు. మొదటి 8007, ఇది విండోస్ మామూలు దోషాల పట్టికలోనిదని చెబుతుంది. చివరి నాలుగు అంకెలు ఆ పట్టికలోని వరుస సంఖ్య. అవి పదహారుల లెక్కలో ఉంటవి. 0005 అంటే 5, అనుమతి లేదు. 0035 అంటే మూడు పదహారులూ ఐదూ, 53, నెట్‌వర్కులో ఆ దారి దొరకలేదు. 0070 అంటే ఏడు పదహారులు, 112, డిస్కులో చోటు లేదు. మొదటిదానికి అధికారపు మాట సరిచూడవలె, రెండవదానికి దారిని, మూడవదానికి డిస్కును.

సంకేతం కంటె విపులంగా మాట్లాడేది లాగ్ అనే చిట్టా. యంత్రం తాను చేసిన ప్రతి పనినీ వేళతో సహా అందులో వ్రాసుకుంటుంది. చిట్టాలోని చివరి పంక్తి తరచుగా ఫలితమే గాని కారణం కాదు. కింది నుండి పైకి పోయి, మొట్టమొదట తప్పు నమోదైన పంక్తిని పట్టుకోవలె. డిస్కును సిద్ధం చేయక పూర్వం ఈ చిట్టా మెమరీలో మాత్రమే ఉంటుంది. విసుగెత్తి కరెంటు ఆపివేస్తే సాక్ష్యం అంతా ఆవిరి అయిపోతుంది!

ఇవన్నీ చూడక ముందే వేయవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: ఎన్ని యంత్రాలు ఆగినవి? ఒక్కటే ఆగితే ఆ యంత్రంలోనో, దాని తీగలోనో దోషం వెదకవలె. ఒకే రకం యంత్రాలన్నీ ఆగితే డ్రైవరును చూడవలె. ఒక అంతస్తు యావత్తూ ఆగితే నెట్‌వర్కును చూడవలె. అన్నీ ఆగితే సర్వరును చూచి, నిన్నటికీ నేటికీ నడుమ ఎవరు ఏమి మార్చారో అడగవలె. సరిచేసేటప్పుడు కూడా ఒకసారికి ఒక్కదానినే మార్చవలె. మూడు మందులు ఒకేసారి మింగిన రోగికి ఏది గుణమిచ్చిందో వైద్యుడు కూడా చెప్పలేడు.

ఆగిపోవడం కంటె ప్రమాదకరమైనది, ఆగవలసిన చోట ఆగకపోవడం. 2014 మే నెలలో అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో విండోస్ 7ను ఎక్కించే ఆజ్ఞ పొరపాటున ఆ సంస్థలోని విండోస్ యంత్రాలన్నిటికీ పోయింది. గమనించి ఆపేలోగా అనేక యంత్రాల డిస్కులు తుడిచిపెట్టుకొని పోయినవి. ఆజ్ఞను పంపిన సర్వరు సైతం తన్ను తానే చెరిపివేసుకున్నది. యంత్రానికి వివేకం లేదు. చెప్పినది చెప్పినట్లు చేస్తుంది. కనుక ఈ పనికి పూనుకొనేవారు మొదట ఒకటి రెండు యంత్రాల మీద ప్రయోగించి చూడవలె. ఆజ్ఞ ఏ జాబితాకు పోతున్నదో మరొకరి కంటితో సరిచూపించవలె. పాత డిస్కులోని కాగితాల నకలు వేరొక చోట భద్రమైనదని రూఢి చేసుకొనిన పిమ్మటనే చెరపవలె. వ్యవస్థను మళ్లీ ఎక్కించవచ్చును. ఇరవై ఏండ్ల లెక్కలను, ఒకరి పింఛను వివరాలను మళ్లీ ఎక్కించలేము.

మీలో కార్యాలయోద్యోగులు ఉంటారు. మీ మేజా మీది యంత్రం ఇట్లా నడుమ ఆగినప్పుడు మీరు చేయదగిన సాయం కూడా ఉన్నది. మీట నొక్కి ఆపివేయకండి. తెర మీది సంకేతాన్ని అంకె పోకుండా కాగితం మీద వ్రాయండి. ఎన్ని గంటలకు ఆగినదో, పక్క మేజా మీది యంత్రం నడుస్తున్నదో లేదో దానికి జత చేయండి. సరిచేయడానికి వచ్చినవారి చేతికి ఆ చీటీ ఇవ్వండి. వారు వెదకవలసిన మజిలీలు నాలుగైతే, ఆ చీటీ మూడింటిని కొట్టివేయవచ్చును.