కవరు ఎప్పుడు విప్పాలి?

మాది ఏలూరు దగ్గర, కొల్లేరు అంచున ఓ పల్లెటూరు. పంచాయతీ చెరువుకి చేపల లీజు పాట పెట్టారంటే ఊరంతా అక్కడే ఉంటుంది. ఒకరు పాడింది ఇంకొకరు విని పెంచుతారు. ఆఖరికి చెరువు ఎంతకి పోయిందో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు.

తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ చదివి, ఎనిమిదిమంది ఉన్న ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాక ఇంకో రకం బేరం చూశాను.

ఒక మున్సిపాలిటీకి కుళాయి ఫిర్యాదుల యాప్ కావాలి. ఊరి పేరు వద్దులెండి. ప్రతిపాదనలు తీసుకుని, మాట్లాడి ఖరారు చేసే చిన్న కాంట్రాక్ట్. నెలరోజులు కష్టపడి డిజైన్, ధర రాసి కవర్లో పెట్టి ఇచ్చాం. చర్చలకి పిలిచిన రోజు అక్కడున్నాయన టీ ఇప్పించి, గొంతు తగ్గించి, "అవతలివాళ్లు ఇంతకే చేస్తామంటున్నారండి, మరి మీరు?" అంటూ ఓ అంకె చెప్పారు.

నేనేమీ చెవులు మూసుకోలేదు. నిజం చెప్పాలంటే సంబరపడ్డాను. అక్కడికక్కడే రేటు తగ్గించాం. బస్సెక్కాక మా బాస్ అన్నారు: "వాళ్ల రేటు మనకి చెప్పినాయన, మన రేటు వాళ్లకి చెప్పడా?"

కాంట్రాక్ట్ మాకు రాలేదు.

కవరు పద్ధతి ఎందుకో అప్పుడర్థమైంది. పాటలో అందరూ అందరి రేటూ వింటారు. కవర్లో ఎవరూ ఎవరి రేటూ వినరు. రెండూ న్యాయమే. ఒక్కరికే వినిపిస్తేనే మోసం. మన రాష్ట్రంలో 2003లో మొదలైన ఈ-ప్రొక్యూర్‌మెంట్ ఉద్దేశం కూడా గడువుకి ముందే ఎవరూ రేట్లు చూడకూడదనే. టెండర్లు తెరిచాక బేరాలాడొద్దని, అసాధారణ పరిస్థితుల్లో తప్పదంటే తక్కువ రేటు వేసినవాళ్లతోనే మాట్లాడమని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2007లో చెప్పింది.

అలాగని అన్నీ దాచేస్తే? అమరావతి గుర్తుందా! 1,691 ఎకరాల స్టార్టప్ ఏరియా కోసం సింగపూర్ సంస్థలు అసెండాస్-సింగ్‌బ్రిడ్జ్, సెంబ్‌కార్ప్ ప్రతిపాదన ఇచ్చాయి. స్విస్ ఛాలెంజ్ అంటే, అంతకన్నా మంచి ఆఫర్ ఉంటే మిగతావాళ్లు తెమ్మని. కానీ ఆదాయంలో ప్రభుత్వానికి వాళ్లు ఇస్తామన్న వాటా ఎంతో పోటీదారులకి చెప్పలేదు. అంకె తెలీకుండా దాన్ని దాటడం ఎలా? 2016 సెప్టెంబరులో హైకోర్టు ఆ ప్రక్రియపై స్టే ఇచ్చింది. ప్రభుత్వం చట్టాన్ని సవరించి మళ్లీ పిలవాల్సి వచ్చింది. చివరికి 2019లో ఆ ప్రాజెక్టే ఆగిపోయింది.

సంక్రాంతికి ఇంటికెళ్లి మా యాప్ కథ చెప్తే బాబాయ్ అడిగాడు: "ఇంతకీ ఆ పని ఎంతకిచ్చార్రా?"

"తెలీదు బాబాయ్."

"మన చెరువు పాట ఊరందరికీ తెలుసు. మున్సిపాలిటీ పాట పాడినోడికే తెలీదా?"

తిరిగెళ్లగానే 10 రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. "వాణిజ్య రహస్యం, ఇవ్వలేం" అని ఒక్క ముక్కలో జవాబొచ్చింది.

చట్టం తీసి చదివాను. సెక్షన్ 8(1)(డి) వాణిజ్య రహస్యాల్ని కాపాడుతుంది, నిజమే. కానీ బయటపెడితే ఆ కంపెనీ పోటీలో నష్టపోవాలి. నష్టపోయినా సరే, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చు. సెక్షన్ 11 ప్రకారం ఆ కంపెనీకి నోటీసిచ్చి అభ్యంతరం అడగాలి. వాళ్లు వద్దన్నంత మాత్రాన అయిపోదు, నిర్ణయం అధికారిదే. ఒప్పందం కుదిరేదాకా టెండరు రహస్యమే, కుదిరాక ఆ రహస్యం నిలవదని కేంద్ర సమాచార కమిషన్ కూడా ఒక కేసులో చెప్పింది.

అప్పీలు రాస్తుంటే మా బాస్ ఆపారు. "రేపు మన ప్రతిపాదన కూడా ఎవరో అడుగుతారు. మన డిజైన్ ఇచ్చేస్తారా?"

మంచి ప్రశ్నే. దానికి సెక్షన్ 10 ఉంది. దాచాల్సిన భాగం తీసేసి మిగతాది ఇవ్వొచ్చు. అందుకే అప్పీల్లో ఇలా రాశాను: "వాళ్ల డిజైన్ నాకొద్దు. ఎంతకిచ్చారు, ఎవరి రేటు ఎంత, ఏ లెక్కన ఎంపిక చేశారు, అంతే చెప్పండి. మా కంపెనీ రేటు బయటపెట్టడానికి మాకు అభ్యంతరం లేదు."

కింద బాస్ కూడా సంతకం పెట్టారు. జవాబు కోసం చూస్తున్నాం. బాబాయ్ వారానికోసారి ఫోన్ చేసి అడుగుతున్నాడు.