సైకిలు కదలదు.. కొండ తప్పదు!

గదిలో సైకిలు. వెనక చక్రం తీసేసి ట్రైనర్ అనే యంత్రానికి బిగించారు. ఎదురుగా టీవీ. తొక్కుతుంటే తెర మీద మలుపులు వస్తున్నాయి. ఎత్తు రాగానే పెడల్ బరువెక్కుతోంది. సైకిలు మాత్రం అంగుళం కదలదు! లారీల రద్దీకి జడిసో, వాన వదలకో ఇంట్లోనే తొక్కేవారికి ఇదో మార్గం. మరి ఆ దారులు గీసేదెలా? చూద్దాం రండి.

లేని దీవి.. ఉన్న కొండ

ఈ రంగంలో పేరున్న జ్విఫ్ట్ సంస్థ 2015లో వాటోపియా అనే ఊహా దీవిని తెరపైకి తెచ్చింది. అందులో అగ్నిపర్వతం ఉంది, అడవి ఉంది, నీటి అడుగున గాజు సొరంగం కూడా ఉంది. 2017లో అక్కడే ‘ఆల్ప్ డు జ్విఫ్ట్’ కొండను నిలబెట్టారు. ఫ్రాన్స్‌లో టూర్ డి ఫ్రాన్స్ రేసులతో పేరొందిన ఆల్ప్ డ్యుయెజ్ దానికి నమూనా. 21 మలుపులు, 12.2 కిలోమీటర్లు, 1,036 మీటర్ల ఎత్తు. సగటు వాలు 8.5 శాతం. మనిషి, సైకిలు కలిపి 80 కిలోలనుకుంటే గంటలో పైకి చేరడానికి బరువు ఎత్తడానికే దాదాపు 226 వాట్ల శక్తి కావాలి. గాలి, టైరు రాపిడి లెక్క దీనికి అదనం.

ఇంత దూరం విసుగు లేకుండా ఎక్కించడమే అసలు పని. తిన్నగా పోయే రోడ్డయితే మనసు ముందే అలసిపోతుంది. మలుపులుంటే కొండ ముక్కలుముక్కలుగా అనిపిస్తుంది. ఒక్కో మలుపుకు పట్టిన సమయం తెరపై కనబడుతుంటే ‘ఇంకొక్కటి..’ అనుకుంటూ సాగిపోవచ్చు.

రెండు మీటర్ల తేడా

నిజమైన దారిని తెరకెక్కించడంలో చిక్కు వేరు. ఉపగ్రహ సంకేతాలతో తీసిన ఎత్తుల్లో, ముఖ్యంగా కొండ చరియల పక్కన, తేడాలొస్తాయి. 20 మీటర్ల దూరంలో రెండు మీటర్లు తప్పితే చాలు, చదును రోడ్డు కూడా 10 శాతం ఎత్తుగా మారిపోతుంది! అందుకే అంకెలను సరిచేసి నున్నగా చేస్తారు. అదీ ఎక్కువైతే అసలు నిటారు చోటే మాయమైపోతుంది. ఆ లెక్కను నమ్మి సాధన చేసినవాడు అసలు కొండ దగ్గర బోల్తా పడతాడు.

చెక్ దేశానికి చెందిన రూవీ నిజం రోడ్ల వీడియోలే చూపిస్తుంది. మనం నెమ్మదిస్తే బొమ్మా నెమ్మదిస్తుంది. అప్పుడు వీడియోలో నడిచే మనుషులూ నత్తనడక నడుస్తారు. బొమ్మలతో కట్టిన లోకంలో ఆ ఇబ్బంది లేదు. కానీ అక్కడ ప్రతి చెట్టూ ఎవరో ఒకరు నాటాల్సిందే!

దారే గెలిపిస్తుంది

2020 డిసెంబరు 9న అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య తొలి ఈ-స్పోర్ట్స్ ప్రపంచ పోటీ వాటోపియాలోనే జరిగింది. మహిళలు, పురుషులు ఒకే 50 కిలోమీటర్ల దారిలో తొక్కారు. గీత చివర ఎత్తు మీద ఉంది. దక్షిణాఫ్రికాకు చెందిన ఆష్లీ మూల్‌మన్ పాసియో, జర్మనీ పడవ పందేల క్రీడాకారుడు జేసన్ ఆస్బోర్న్ గెలిచారు. ముగింపు చదును మీద ఉంటే వేగం వీరులది పైచేయి, ఎత్తు మీద ఉంటే కొండ ఎక్కేవారిది. ఆ గీత ఎక్కడ పెట్టాలన్నది దారి గీసేవారి చేతిలో పని.

మీరూ మొదలుపెడతారా?

బెంగళూరు నుంచి వచ్చి నంది కొండ ఎక్కే సైక్లిస్టులకు ఓ మాట. జ్విఫ్ట్‌లో ట్రైనర్ కష్టం మామూలుగా 50 శాతం దగ్గర ఉంటుంది. 8 శాతం ఎత్తు కాళ్లకు నాలుగులాగే తోస్తుంది. అంతమాత్రాన శిఖరం దగ్గరపడదు, చేయాల్సిన పని అంతే. తేలిక గేరు వేసినట్టన్నమాట. అసలు కొండకు సిద్ధమయ్యేవారు దాన్ని పెంచుకుని చూడాలి. ట్రైనర్ కొనేముందు అది ఎంత శాతం ఎత్తు వరకూ బరువు చూపగలదో అడగండి. ఎదురుగా ఫ్యాను తప్పనిసరి. తెర మీద మంచు కొండ ఉన్నా, బళ్లారి గదిలో ఎండ ఎండే కదా!