గాజు చేపల తొట్టిపై గీతలు: ఇంటివద్ద సవరించుకొను విధానము

ఈ పత్రికలో పైరులను గురించియు, పశువులను గురించియు, ఎరువులను గురించియు వ్రాయుట పరిపాటి. ఈ మారు ఒక గాజు తొట్టిని గురించి వ్రాయుచున్నాను. కారణము లేకపోలేదు. రంగుచేపలను పెంచు అలవాటు పట్టణముల నుండి పల్లెలకును వచ్చినది. కొందరు సోదరీమణులు వీనిని పెంచి అమ్ముకొనుచున్నారు. పాఠశాలలలోను, ప్రదర్శనలలోను గాజు తొట్టెలు కనిపించుచున్నవి. తొట్టి కొన్న కొద్దికాలమునకే ముందు అద్దముపై గీతలు పడుటయు, వానిని పోగొట్టబోయి తొట్టినో చేపలనో పోగొట్టుకొనుటయు జరుగుచున్నది. అట్లు పోగొట్టుకొన్నవారిలో నేనును ఒకడను.

కొన్ని సంవత్సరముల క్రిందట మా యింటి తొట్టి ముందు అద్దముపై జానెడు గీత పడినది. ఒక ఆదివారము ఉప్పుకాగితముతో రుద్దితిని. గీత పోలేదు సరికదా, దాని చుట్టును అరచేయి మేర అద్దము మసకబారినది. ఆ హడావిడిలో వడపోత స్పాంజిని కుళాయి నీట బాగుగా పిండి ఎండలో ఆరవేసితిని. సాయంత్రము క్రొత్త నీరు నింపి చేపలను విడిచితిని. వారము తిరుగకముందే మా అమ్మాయి పేర్లు పెట్టి పిలుచుకొను నాలుగు బంగారు చేపలలో మూడు చనిపోయినవి. ఆ గీత చేపలకు ఏ హానియు చేయలేదు. హాని చేసినది నా తొందరపాటు.

పురుగేదో తెలియక మందు చల్లరాదని రైతులకు మేము చెప్పుచుందుము. గాజుపై గీతకును అదే సూత్రము. అది యేమిటో, ఎంత లోతున్నదో తెలిసికొనిన పిమ్మటనే చేయి వేయవలెను.

గీతయా, సున్నపు పొరయా?

మన ప్రాంతములలో బోరుబావుల నీరు చాలచోట్ల కఠినమైనది. నీరు ఆవిరియైనపుడు అందలి సున్నము అద్దముపై తెల్లని చారలుగా మిగులును. వీనిని గీతలని భ్రమపడువారు ఎందరో. నీటిమట్టమును ఆ చారకు దిగువకు తగ్గించి, వెనిగరులో గాని నిమ్మరసములో గాని ముంచిన దూదిని దానిపై 10, 15 నిమిషములు అంటించి యుంచి, తరువాత మెత్తని గుడ్డతో తుడువుడు. సున్నమైనచో కరగిపోవును. పులుపు తొట్టినీటిలో పడకుండ చూడవలెను. నీటి ఆమ్లగుణము ఒక్కసారిగా మారినచో చేపలు తట్టుకొనలేవు.

తొట్టి గాజుదా, ప్లాస్టిక్కుదా అనునది కూడ ముందుగా తేల్చుకొనవలెను. ఆక్రిలిక్ అను ప్లాస్టిక్కు తొట్టెలు చూపునకు గాజువలెనే యుండును. గోటితో తట్టినచో మొద్దు శబ్దము వచ్చును, తాకినచో గాజువలె చల్లగా ఉండదు. ఈ వ్యాసములోని విధానము గాజునకు మాత్రమే.

గీత లోతు తెలిసికొనుట

గోరే ఇందుకు మంచి సాధనము. గీతకు అడ్డముగా గోటిని మెల్లగా నడుపుడు. గోటికి తగులనిచో అది పైపై గీత. దానిని మెరుగుపెట్టి పోగొట్టవచ్చును. గోరు కొద్దిగా తట్టినచో గీతను మసకగా చేయవచ్చునే గాని పూర్తిగా పోగొట్టుట కష్టము. గోరు అందులో పడి నిలిచినచో ఇంటివద్ద ముట్టుకొనరాదు. అంత లోతు గీత పోవలెనన్న దాని చుట్టును ఉన్న గాజునంతయు అంత లోతు అరగదీయవలెను. అప్పుడు అక్కడ అద్దము పల్లమై, వెనుకనున్న చేప వంకరగా కనిపించును. అద్దము బలమును తగ్గును.

ఆ బలము ఎంత అవసరమో లెక్క చూడుడు. 3 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు గల తొట్టిలో సుమారు 190 లీటర్ల నీరు పట్టును. నిండుగా ఉన్నపుడు ముందు అద్దమును నీరు వెలుపలికి నెట్టు బలము సుమారు 95 కిలోల బరువునకు సమానము. ఆ అద్దము రాత్రింబవళ్ళు ఆ బలమును మోయుచునే యుండును. గీత కాక చీలికయే అయినచో, అనగా ఏటవాలుగా చూచినపుడు గాజు మందములోనికి మెరయుచు పోవు గీటు కనిపించినచో, ఇక ఆ తొట్టిలో నీరు ఉంచరాదు.

నీరు నింపి చూడుడు

లోపలివైపు గీతల విషయములో మరొక సంగతి కలదు. ఖాళీ తొట్టిలో కొట్టవచ్చినట్లు కనిపించు గీత, నీరు నింపినపుడు చాలవరకు మాయమగును. కాంతిని వంచు గుణము గాలికి 1, నీటికి 1.33, గాజునకు 1.52. గీతలో గాలి ఉన్నపుడు ఈ తేడా ఎక్కువ గనుక గీత తెల్లగా మెరయును. నీరు చేరినపుడు తేడా తగ్గి గీత అణగిపోవును. కాబట్టి లోపలివైపు గీతను ఖాళీ తొట్టిలో చూచి నిర్ణయము చేయరాదు. వెలుపలివైపు గీతకు ఈ సౌకర్యము లేదు.

పనికిరాని చిట్కాలు

పండ్లు తోము పేస్టుతో రుద్దుడని చెప్పువారు కలరు. పేస్టులో సాధారణముగా ఉండు సున్నపు పొడి కాఠిన్యము 3. గాజు కాఠిన్యము సుమారు 5.5. మెత్తనిది గట్టిదానిని అరగదీయలేదు. మురికి పోయి, తడి ఉన్నంతసేపు గీత పోయినట్లు కనిపించును, అంతే. ఇందుకు విరుద్ధముగా ఉప్పుకాగితము, ఇటుకపొడి, గిన్నెలు తోము బూడిద గాజును కొత్తగా గీయును. వీనిలోని గరుకు రేణువులు గాజుకన్న గట్టివి. ఇత్తడి మెరుగు ద్రవములను తొట్టి దరిదాపులకు రానీయరాదు. అందలి మందులు చేపలకు విషము.

గాజునకు తగిన పొడి

గాజును మెరుగుపెట్టుటకు తగినది సీరియం ఆక్సైడు అను మెత్తని పొడి. కళ్ళజోళ్ళ అద్దములకు, దూరదర్శినుల అద్దములకు మెరుగుపెట్టువారు దీనిని వాడుదురు. ఇది నీటితో కలసి గాజు పైపొరను రాపిడితోను, రసాయనిక చర్యతోను కొద్దికొద్దిగా తీసివేయును. అందుచేత ఎల్లప్పుడు తడిగానే పని చేయవలెను.

ఈ లోహమునకు వ్యవసాయముతో ఒక చిత్రమైన చుట్టరికము కలదు. 1801లో కనుగొనబడిన ఒక చిన్న గ్రహమునకు రోమనుల సస్యదేవత సెరెస్ పేరు పెట్టిరి. 1803లో ఈ లోహము బయటపడగా, ఆ గ్రహము పేరుననే దానికి సీరియం అని పేరు వచ్చినది. సీరియం లభించు మోనజైట్ ఖనిజము భీమునిపట్నము మొదలైన మన తీరప్రాంతపు ఇసుకలలోను కలదు. పొడి మాత్రము అద్దముల పనివారికి సరకులమ్ము అంగళ్ళలో దొరకును. మెరుగు పెట్టుటకు డ్రిల్లు యంత్రమునకు తగిలించు ఫెల్టు బిళ్ళయు కావలెను.

ముందుగా చేపల రక్షణ

లోపలివైపు పనికి తొట్టిని ఖాళీ చేయక తప్పదు. వెలుపలివైపు పనికి కూడ ఖాళీ చేయుటయే మేలు. నీటి బలము మోయుచున్న అద్దముపై యంత్రము ఆనించుట ప్రమాదము; దాని శబ్దమునకు, అదురునకు చేపలు బెదరును.

సబ్బు తగులని బక్కెటులో గాని టబ్బులో గాని తొట్టినీటినే పోసి చేపలను అందులోనికి మార్చి, గాలి పంపును అమర్చవలెను. వడపోత స్పాంజిని తొట్టినీటిలోనే ముంచి, దానికిని గాలి అందునట్లు ఉంచవలెను. నేను చేసిన పొరపాటు ఇచ్చటనే. మన పొలములో అమోనియా ఎరువును నైట్రేటుగా మార్చు సూక్ష్మజీవుల వంటివే ఆ స్పాంజిలో నివసించి, చేపల మలమూత్రముల నుండి పుట్టు అమోనియాను హానిలేని రూపమునకు మార్చుచుండును. క్లోరిను నీట కడిగి ఎండబెట్టినచో అవి చచ్చును. అమోనియా పేరుకొని చేపలు చచ్చును.

మెరుగుపెట్టు విధానము

1. అద్దమును ఇరువైపుల శుభ్రముగా కడుగవలెను. ఒక్క ఇసుక రేణువు మిగిలినను అది బిళ్ళకింద చేరి క్రొత్త గీతలు గీయును.

2. గీత ఉన్న చోటును అద్దము రెండవవైపున రంగు కలముతో గుర్తుపెట్టవలెను. పొడి పూసిన పిమ్మట గీత కనిపించదు.

3. అద్దములు అతుకు సిలికాన్ జిగురుపై అంటు పట్టీ వేసి, దానికి అంగుళము దూరములో ఆగవలెను. జిగురు దెబ్బతిన్నచో తొట్టి కారును.

4. పొడిని నీటితో పలుచని పెరుగువలె కలిపి, ఫెల్టు బిళ్ళను తడిపి దానికి పట్టించవలెను. ముక్కునకు గుడ్డ, కన్నులకు అద్దములు ధరించవలెను.

5. బ్యాటరీతో నడచు డ్రిల్లు మేలు. తీగతో నడచు యంత్రమును నీటి దగ్గర తడిచేతులతో పట్టుట ప్రాణాపాయము. వేగము తక్కువగా నుంచి, తేలికగా ఆనించి, ఒకేచోట నిలుపక గీతకన్న విశాలమైన మేర అటునిటు త్రిప్పవలెను. గీతపైననే రుద్దినచో అక్కడ పల్లము పడును.

6. రెండు మూడు నిమిషముల కొకసారి ఆగి అద్దమును చేతితో తాకి చూడుడు. వెచ్చనైనచో చల్లారనీయవలెను. ఒకచోట వేడెక్కిన గాజు పగులవచ్చును. చల్లారుటకు చన్నీరు కుమ్మరింపరాదు. పొడి ఆరిపోకుండ నీటిని చిలుకరించుచుండవలెను.

7. తడిగుడ్డతో తుడిచి, ఆరిన పిమ్మట వెలుతురులో పరీక్షించవలెను. సన్నని గీతకైనను అరగంట మొదలు రెండు మూడు గంటలు పట్టవచ్చును. గంటసేపు శ్రమించినను మార్పు లేనిచో ఆ గీత మన చేతిలోనిది కాదని గ్రహించి మానివేయుట వివేకము.

యంత్రము లేనివారు ఫెల్టు ముక్కను చెక్కదిమ్మెకు చుట్టి చేతితో రుద్దవచ్చును. మిక్కిలి సన్నని గీతలకే అది పనికివచ్చును. ఓపిక చాల కావలెను.

తిరిగి నింపుట

పొడి లవలేశమును మిగులకుండ నాలుగైదు మార్లు కడుగవలెను. సబ్బు వాడరాదు. తొట్టిని మొదట సగము, కొన్ని గంటల తరువాత పూర్తిగా నింపి, ఒక రోజు కనిపెట్టి యుండవలెను. చెమ్మ లేదని రూఢియైన పిమ్మట, తీసి ఉంచిన పాతనీటితోను, క్లోరిను పోగొట్టిన క్రొత్తనీటితోను నింపి, తడిగా ఉంచిన స్పాంజిని అమర్చి చేపలను విడువవలెను. క్రొత్తనీటి వేడిమి పాతనీటికి సమానముగా ఉండవలెను. ఈ పరీక్ష ముగియువరకు చేపలు టబ్బులోనే ఉండును గనుక అంతవరకు గాలి పంపు ఆపరాదు. మేత మిక్కిలి తక్కువగా వేయవలెను.

గీతలు పడకుండ జాగ్రత్తలు

గాజును గీయునది ప్రధానముగా ఇసుక. నదీ ఇసుకలోని స్ఫటిక రేణువుల కాఠిన్యము 7. అవి స్పాంజి కిందనో, అయస్కాంతపు తుడుపు బిళ్ళ కిందనో చిక్కినపుడే గీతలు పడుచున్నవి. కావున అడుగు ఇసుకకు రెండంగుళముల ఎగువనే బిళ్ళను నడుపవలెను. పాచి తుడుచు స్పాంజిని వేరుగా ఉంచి, వాడుటకు ముందు ప్రతిసారి కడుగవలెను. త్రుప్పుపట్టిన, నొక్కులు పడిన బ్లేడు వాడరాదు. రాళ్ళు మార్చునపుడు అద్దమునకు తగులకుండ రెండు చేతులతో పట్టుకొనవలెను. పాచి ముదురకముందే వారమున కొకసారి తుడిచినచో గట్టిగా రుద్దు అవసరమే రాదు.

లోతైన గీత ఉన్న తొట్టిని పారవేయవలసిన పని లేదు. గాజు చీలక, జిగురు గట్టిగా ఉన్నచో, నీరంతయు తీసివేసి తొట్టిని త్రిప్పి, గీత ఉన్న అద్దమును గోడవైపునకు పెట్టుకొనవచ్చును. నీటితో నిండిన తొట్టిని మాత్రము జరుపరాదు.

మా యింట చివరకు అట్లే చేసితిమి. నేను మసకబార్చిన అద్దము గోడవైపునకు పోయినది. దాని ముందు మా అమ్మాయి నీటిమొక్కలు నాటినది. మిగిలిన ఒక్క చేపకు తోడుగా మరి రెంటిని తెచ్చుటకు ముందు నెల దినములు ఆగితిమి. ఇప్పుడు వారమున కొకసారి తొట్టి తుడుచు పని ఆమెదే. స్పాంజిని కడిగితినా లేదా అని నన్నే అడుగుచుండును.