పురుగుమందుల పెట్టెకు ఎలాంటి తాళం వేయాలి? తాళంచెవి ఎక్కడ ఉంచాలి?

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు ఒక ప్రశ్న. పిచికారీ అయ్యాక మిగిలిన మందు మీ ఇంట్లో ఇప్పుడు ఎక్కడ ఉంది? చూరులోనా, అటక మీదా, మంచం కిందా, కొట్టంలో విత్తనాల సంచి పక్కనా? "పెట్టెలో పెట్టి తాళం వేశాం" అనేవారూ ఉంటారు. వారికి రెండో ప్రశ్న: తాళంచెవి ఎక్కడుంది?

ఒకసారి ఒక పత్తి రైతు ఇంట్లో మంచి ఇనుప పెట్టె, దానికి గట్టి ఇత్తడి తాళం చూసి మెచ్చుకున్నాను. చెవి ఏదని అడిగితే, ఏడేళ్ల మనవరాలు పరుగున వెళ్లి తలుపు పక్క మేకుకు వేలాడుతున్న చెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. తాళం గట్టిదే. కానీ ఆ ఇంట్లో అది ఎవరినీ ఆపదు.

తాళం ఎవరి కోసం?

దొంగల కోసం కాదు, ఇంట్లోవారి కోసం. చిన్నపిల్లలకు రంగునీళ్లకూ మందుకూ తేడా తెలియదు. పెద్దవాళ్లకు తేడా తెలుసు, కానీ వారికీ చెడ్డ ఘడియలు వస్తాయి. అప్పు, గొడవ, అవమానం, తాగిన మైకం. అలాంటప్పుడు వచ్చే ఆలోచన చాలామందిలో కొద్దిసేపటికే తగ్గుతుంది. ఆ కొద్దిసేపు మందు చేతికి అందకపోతే మనిషి మిగులుతాడు. తాళం ఇచ్చేది ఆ వ్యవధినే.

డబ్బా మీద ముక్కోణపు గుర్తు ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఉంటుంది. ఎరుపు అత్యంత విషపూరితం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. ఆకుపచ్చ కదా అని బయట పెట్టకండి. కలుపుమందులు, ఎలుకల మందు, విత్తనశుద్ధి మందులు కూడా తాళం లోపలే ఉండాలి.

పెట్టె ఎలా ఉండాలి?

తాళం ఎంత మంచిదైనా గొళ్ళెం బలహీనంగా ఉంటే లాభం లేదు. చెక్కపెట్టెకు బయటి నుంచి స్క్రూలతో బిగించిన గొళ్ళేన్ని ఒక్క స్క్రూడ్రైవరుతో ఊడదీయవచ్చు. ఇనుప రేకు పెట్టె చేయించుకుని, గొళ్ళెం, మడతబందులు వెల్డింగ్ చేయించండి. బోల్టులు వాడితే నట్టు పెట్టె లోపలి వైపు రావాలి. పెట్టెను గోడకు బిగిస్తే ఎవరూ ఎత్తుకుపోలేరు. నేలకు జానెడు ఎత్తులో, ఎండ, వాన తగలని చోట, వంటగదికి, ధాన్యానికి, పశువుల దాణాకు దూరంగా ఉంచండి. పొడి మందులు పై అరలో, ద్రవాలు కింది అరలో పెడితే, సీసా కారినా పొడి తడవదు.

తాళం ఎంపిక

1. సంతలో దొరికే పలుచని రేకు తాళాలు వద్దు. వాటిలో చాలావరకు ఒకదాని చెవి మరోదానికి పడుతుంది. ఆరు లేదా అంతకంటే ఎక్కువ లీవర్లున్న తాళం కప్ప తీసుకోండి.

2. తాళం వంపు కమ్మీ గొళ్ళెం రంధ్రంలో నిండుగా పట్టాలి. ఖాళీ ఉంటే గునపం మొన దూర్చి విరగ్గొట్టడం తేలిక. కొనడానికి వెళ్లేటప్పుడు రంధ్రం కొలత తీసుకెళ్లండి.

3. పిచికారీ చేసి అలసి వచ్చినవాడు తాళం వేయడం మరిచిపోవచ్చు. నొక్కితే పడే తాళానికి చెవితో పనిలేదు కాబట్టి వేయడం సులువు. తాళం వేస్తే తప్ప చెవి బయటకు రాని రకం కూడా మంచిదే. ఈ రెండింటిలో ఒకటి తీసుకోండి.

4. నంబరు తాళంతో చెవి పోతుందన్న భయం లేదు. కానీ పిల్లలు చూసి నేర్చుకుంటారు. పుట్టిన సంవత్సరం, బండి నంబరు పెట్టకండి.

5. షెడ్డులో తేమ, దుమ్ము ఎక్కువ. ఇత్తడి తాళానికి తుప్పు బెడద తక్కువ. ఆరు నెలలకోసారి రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె వేయండి. బిగుసుకుపోయిన తాళాన్ని ఎవరూ వేయరు, అలా తెరిచే ఉంచేస్తారు.

చెవి ఎవరి దగ్గర?

ఒక చెవి మొలతాడుకో, కొంగుకో కట్టుకుని ఒంటి మీదే ఉండాలి. మేకుకు, దేవుడి గూట్లో, బియ్యం డబ్బాలో వద్దు. రెండో చెవిని అదే ఇంట్లో దాచకుండా అన్నదమ్ముల ఇంట్లోనో, నమ్మకమైన పొరుగువారి దగ్గరో ఉంచండి. ఇంట్లో ఎవరైనా దిగులుగా ఉంటే, తాగుడు ఎక్కువైతే, "నేనుండి ఏం లాభం" అని మాట్లాడుతుంటే, మందునే ఆ ఇంటి నుంచి తీసేయండి. అది సొంత అన్న అయినా, నాన్న అయినా మొహమాటం వద్దు.

పెట్టె ఒక్కటే చాలదు

శ్రీలంకలో 180 గ్రామాల్లో, 53 వేలకు పైగా కుటుంబాలతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. సగం గ్రామాల్లో తాళం వేసే పెట్టెలు ఇచ్చారు. 2017లో ఫలితాలు వచ్చాయి. పెట్టెలు ఇచ్చినంత మాత్రాన మందు తాగే సంఘటనలు తగ్గలేదు. కాబట్టి పెట్టె వృథా అని నేననను. పెట్టె ఉందన్న ధీమాతో ఇంట్లో మందు పోగేయవద్దని అంటాను. తమిళనాడులోని కడలూరు జిల్లాలో కొన్ని గ్రామాలవారు మందులను ఇళ్లలో కాకుండా ఊరి ఉమ్మడి గదిలో, రైతుకొక అర చొప్పున, తాళం వేసి ఉంచే పద్ధతి ప్రయత్నించారు. మీ రైతుల బృందమూ దీని గురించి ఆలోచించవచ్చు.

అన్నిటికంటే మంచి తాళం, అవసరమైనంతే కొనడం. ఉదాహరణకు లీటరు నీటికి 1 మి.లీ. మోతాదు, ఎకరాకు 200 లీటర్ల నీళ్లు అనుకుంటే, రెండెకరాలకు కావలసింది 400 మి.లీ. చవకని లీటరు డబ్బా కొంటే 600 మి.లీ. ఇంట్లో మిగులుతుంది. 250 మి.లీ. సీసాలు రెండు కొంటే మిగిలేది 100 మి.లీ. మాత్రమే.

మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలోకో, క్వార్టరు సీసాలోకో ఎప్పుడూ మార్చకండి. అసలు డబ్బాలోనే, లేబులుతోనే ఉంచండి. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లు స్ప్రేయరు ట్యాంకులోనే పోయండి. తర్వాత డబ్బాకు చిల్లులు పొడవండి.

ప్రమాదం జరిగితే

వెంటనే 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించడానికి ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, పేడనీళ్లు పట్టించవద్దు. మందు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. మందు పడిన బట్టలు తీసి ఒంటిని సబ్బుతో కడగండి. స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మందు డబ్బాను లేబులుతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తే డాక్టరుకు సగం పని తేలికవుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117.

మనసు బాగాలేనప్పుడు 14416 టెలిమానస్‌కు ఫోన్ చేసి మాట్లాడవచ్చు. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. అప్పుకు దారి ఉంటుంది, పోయిన పంట మళ్లీ వస్తుంది. మనిషి మాత్రం తిరిగి రాడు.

ఈ సాయంత్రం ఇంట్లో ఉన్న మందు డబ్బాలన్నీ ఒకచోట చేర్చి లెక్కపెట్టండి. పెట్టె తయారయ్యేదాకా ఒక పాత ట్రంకు పెట్టెకైనా తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకోండి.