న్యాయపీఠం మీద తొలి మహిళ

ఇశ్రాయేలీయులు తమ తగవులు తీర్చుకోవడానికి ఎఫ్రాయీము కొండసీమలో ఒక చెట్టు దగ్గరికి వెళ్లేవారు. రామాకు, బేతేలుకు నడుమ ఉన్న ఆ చెట్టు కింద కూర్చుని తీర్పు చెప్పింది ఒక స్త్రీ. ఆమె లప్పీదోతు భార్య, ప్రవక్త్రి అయిన దెబోరా (న్యాయాధిపతులు 4:4,5). ఏదో ఆ కాలపు విశేషం అనుకుని ఈ మాటలను దాటేసి పోతుంటాం. కానీ మన దేశంలో న్యాయపీఠం ఎక్కిన తొలి మహిళ కూడా దెబోరా కథ తెలిసిన క్రైస్తవ కుటుంబం నుంచే వచ్చారు. ఆమే జస్టిస్ అన్నా చాందీ.

అన్నా చాందీ 1905లో ట్రావెన్‌కోర్ సంస్థానంలో, సిరియన్ క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. ఆడపిల్ల నాలుగు అక్షరాలు నేర్వడమే గొప్ప అనుకునే ఆ రోజుల్లో 1926లో న్యాయశాస్త్ర పట్టా అందుకున్నారు. ఆ ప్రాంతంలో ఆ పట్టా పొందిన మొదటి స్త్రీ ఆమే. తర్వాత నల్లకోటు వేసుకుని కోర్టు మెట్లెక్కారు. ‘శ్రీమతి’ అనే పత్రిక స్థాపించి, స్త్రీల కష్టసుఖాల గురించి రాశారు.

స్త్రీలకు ప్రభుత్వోద్యోగాలు ఇవ్వాలా వద్దా అన్నది అప్పట్లో పెద్ద చర్చ. ఇవ్వకూడదని 1928లో తిరువనంతపురంలో జరిగిన ఒక సభలో టి.కె. వేలుపిళ్లై అనే పండితుడు వాదించాడు. భార్య ఉద్యోగం చేస్తే కాపురాల్లో కలతలు వస్తాయని, మగవాళ్ల ఆత్మగౌరవం దెబ్బతింటుందని ఆయన వాదన. అప్పటికి అన్నా చాందీ వయసు ఇరవై మూడేళ్లు. కోర్టులో ఎదుటిపక్షం వాదనకు జవాబు చెప్పినట్టే ఆమె ఆయన చెప్పిన ఒక్కొక్క కారణాన్నీ తీసుకుని అక్కడే తిప్పికొట్టారు.

అలా మాట్లాడినందుకు మూల్యం చెల్లించక తప్పలేదు. 1931లో శ్రీమూలం ప్రజాసభకు పోటీ చేసినప్పుడు ప్రత్యర్థులతో పాటు పత్రికలు కూడా ఆమె మీద పడ్డాయి. ఆడది గడప దాటితే ఆమె నడవడిక మీద నిందలు వేయడం లోకం ఎరిగిన పాత ఆయుధమే. ఆ ఎన్నికలో ఓడిపోయారు. ఇంట్లో కూర్చుని ఏడ్చారా? లేదు. తనకు జరిగిన అన్యాయాన్ని తన పత్రికలోనే ఎండగట్టి, మరుసటి ఏడాది మళ్లీ పోటీ చేసి గెలిచారు. 1934 దాకా సభ్యురాలిగా ఉన్నారు.

1937లో సంస్థానం దివాన్ సర్ సి.పి. రామస్వామి అయ్యర్ ఆమెను మున్సిఫ్‌గా నియమించారు. దేశంలో మరే స్త్రీకీ అప్పటిదాకా ఆ అవకాశం దక్కలేదు. కోర్టుకొచ్చిన వాళ్లందరి కళ్లూ ఆమె మీదే. తాను తడబడితే నష్టం తన ఒక్కదానికే కాదని, తన వెనుక రావలసిన స్త్రీలందరికీ తలుపు మూసుకుపోతుందని ఆమెకు తెలుసు. 1973లో వచ్చిన తన ఆత్మకథలో ఈ సంగతి ఆమే రాసుకున్నారు. ఆమె తడబడలేదు. 1948లో జిల్లా జడ్జి అయ్యారు. 1959 ఫిబ్రవరి 9న కేరళ హైకోర్టు న్యాయమూర్తిగా ప్రమాణం చేశారు. దేశంలో హైకోర్టు న్యాయమూర్తి అయిన తొలి మహిళ ఆమే. 1967 ఏప్రిల్‌లో పదవీ విరమణ చేశాక లా కమిషన్‌లోనూ సేవలందించారు. 1996లో, తొంభై ఒకటో ఏట కన్నుమూశారు.

ఆమె జీవితంలో చాలామందికి మింగుడుపడని విషయం ఒకటుంది. ట్రావెన్‌కోర్‌లో స్త్రీలకు ఉరిశిక్ష నుంచి మినహాయింపు ఉండేది. ఆ మినహాయింపు అక్కర్లేదని 1930వ దశకంలో అన్నా చాందీ వాదించారు. ఉరిశిక్ష ఉండాలా వద్దా అన్నది వేరే సంగతి. పురుషుడితో సమానమైన హక్కు కావాలంటే సమానమైన బాధ్యత కూడా మోయాలి అన్నదే ఆమె మాటలోని సారం. ఆమె కోరింది జాలి కాదు, న్యాయం!

దెబోరా చేసిందీ అదే కదా! సీసెరాకు తొమ్మిది వందల ఇనుప రథాలున్నాయి. అతని మీదికి వెళ్లమంటే, నువ్వు కూడా వస్తేనే వెళతానన్నాడు బారాకు. నాకెందుకొచ్చిన యుద్ధం, నా పని తీర్పు చెప్పడం వరకే అని దెబోరా చెట్టు కిందే ఉండిపోలేదు. లేచి అతనితో కెదెషుకు బయలుదేరింది. గౌరవం దక్కే చోట కూర్చున్న ఆమె ప్రమాదం ఉన్న చోటికీ వెళ్లింది. అందుకే దేశం నలభై ఏళ్లు నెమ్మదిగా ఉంది.

ఒకరు తెరిచిన తలుపు ఒక్కరితోనే మూసుకుపోదు. అన్నా చాందీని చూసి ముచ్చటపడిన ఒక ముస్లిం తండ్రి తన కూతురిని కూడా లా చదవమన్నాడు. ఆ కూతురే జస్టిస్ ఫాతిమా బీవీ. 1989లో ఆమె సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. మన దగ్గర 1978లో జస్టిస్ అమరేశ్వరి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. సంఘంలోనూ తలుపులు తెరుచుకున్నాయి. 2013లో పుష్పలలితమ్మ నంద్యాల డయాసిస్‌కు బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో ఆ పదవి చేపట్టిన మొదటి స్త్రీ ఆమే.

ప్రియులారా! మన సంఘాల్లో ఆదివారం బడి నడిపేది స్త్రీలు. ఉపవాస ప్రార్థనల్లో, ఇంటింటి పరామర్శల్లో ముందుండేది స్త్రీలు. మరి నిర్ణయాలు చేసే కమిటీలో ఎంతమంది అక్కచెల్లెళ్లు ఉన్నారు? భారం మోసేటప్పుడు గుర్తొచ్చే వారు తీర్మానం చేసేటప్పుడు ఎందుకు గుర్తు రారు? క్రీస్తునందు పురుషుడని, స్త్రీ అని భేదం లేదని పౌలు గలతీయులకు రాశాడు (3:28). ఆ మాటను గోడకు వేలాడదీస్తే చాలదు. రేపు కమిటీ కూర్చున్నప్పుడు ఒక కుర్చీ ఆమెకూ వేయాలి. ఇంట్లో పుస్తకం పట్టుకుని కూర్చున్న ఆడపిల్లను ‘ఇక చాల్లే’ అనకుండా ఉండాలి. దేవుడు ఆమెను ఏ చెట్టు కింద కూర్చోబెట్టబోతున్నాడో మనకేం తెలుసు?