పల్లెపడతుల పరిశోధనము



పరిశోధన యనగానే మనకు గాజుగొట్టములును, సూక్ష్మదర్శినులును, గొప్ప చదువులు చదివిన పండితులును జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని యైదవ తరగతి చదివిన పల్లెటూరి యిల్లాలు చంటిబిడ్డను జోలెలో నుంచి త్రాసునకు వ్రేలగట్టి తూచుటయు పరిశోధనయే. అట్టి స్త్రీల కథ యొకటి మన తెలంగాణమునకు పొరుగుననే జరిగినది.

గోదావరీ ప్రాణహిత నదుల కావలిగట్టున మహారాష్ట్రమునందు గడ్చిరోలి జిల్లా కలదు. అడవులు మెండు, వైద్యసహాయము కొద్ది. 1980 దశకమున డాక్టరు అభయ్ బంగ్ గారును, వారి సతీమణి డాక్టరు రాణీ బంగ్ గారును అచ్చటికి వచ్చి 'సర్చ్' అను సంస్థను నెలకొల్పిరి. 1993-95 నడుమ ఆ పల్లెలలో వేయిమంది శిశువులు పుట్టిన 62 గురు నెల తిరుగకమునుపే కన్నుమూయుచుండిరి. ఆసుపత్రి చూడబోయిన దూరము. పురిటిగదిలో బిడ్డకేమగుచున్నదో చెప్పగల వైద్యుడు లేడు. ఆ గడప దాటి లోనికి పోగలవారు ఆ యూరి స్త్రీలే.

కావున 1995లో 39 గ్రామములందు, ఐదు మొదలు పది తరగతుల వఱకు చదివిన స్త్రీల నెన్నుకొని శిక్షణ మొసగిరి. మఱి 47 గ్రామములను పోల్చి చూచుటకై యథాప్రకారముగా నుంచిరి.

మొదటి సంవత్సరమున వారి ముఖ్యమైన పని చూచుట, వ్రాయుట. పురిటియింటికి పలుమారులు పోయి బిడ్డను తూచిరి. ఒంటి వేడిమిని కొలిచిరి. నిముషమున కెన్ని యూపిరులో లెక్కించిరి. పాలు త్రాగుట తగ్గెనా, ఏడుపు సన్నగిలెనా యని గమనించి పుస్తకమున వ్రాసిరి. ఆ వ్రాతలను వైద్యుడు వచ్చి సరిచూచెడివాడు. ఇట్లు 763 శిశువుల వృత్తాంతము చేకూరినది. వారిలో సగముకంటె నెక్కువమందికి చికిత్స యవసరమయ్యెననియు, నూటికి ముగ్గురికైనను అది లభింపలేదనియు తేలినది.

రెండవ సంవత్సరమున ఆ స్త్రీలే చికిత్సకు పూనుకొనిరి. సెప్సిస్ అను రక్తదూషణరోగమును గుర్తించి జెంటామైసిన్ సూదిమందు వేసిరి. పుట్టి యూపిరి తీయని బిడ్డకు ఊపిరి యందించిరి. తక్కువ బరువు గల బిడ్డలను వెచ్చగా కాపాడిరి. మూడవ యేట తల్లులకు ఆరోగ్యబోధయు చేసిరి. పూర్వము ఆ రోగము సోకిన నూర్గురిలో పదునార్గురో, పదునేడ్గురో మరణించుచుండగా, చికిత్స మొదలైన పిదప ఆ సంఖ్య మూడునకు లోబడినది. 1997-98 నాటికి, వేయింటికి 62గా నున్న మరణములు 25 ప్రాంతమునకు దిగినవి. 1999లో 'లాన్సెట్' అను వైద్యపత్రిక ఈ ఫలితములను ప్రకటించినది.

ఇందు మనస్సును కలచు విషయము నొకటి కలదు. తక్కిన 47 గ్రామముల తల్లులకు ఆ దినములలో ఈ సహాయము లేదు. అయినను ఆ పోలిక లేకున్నచో, మేలు చికిత్సవలన గలిగినదో, కాలము కలిసివచ్చుటవలన గలిగినదో యెవరును రూఢిగా చెప్పజాలరు. ఆ తల్లుల కడుపుకోతయు ఆ లెక్కలలో నున్నదని మఱువరాదు. వ్రాయువారికిని ఇట్టి పరీక్షయే కలదు. తాను రేయింబవళ్ళు కాచిన బిడ్డ దక్కనినాడు, ఆ మరణమును తన చేతనే వ్రాయవలెను. జాలిచేతనో, భయముచేతనో దాచినచో రాబోవు బిడ్డలకు ద్రోహము చేసినట్లగును.

2005లో దేశమున 'ఆశా' కార్యకర్తల యేర్పాటు జరిగినది. గడ్చిరోలి యనుభవమును ఆధారముగా గొని 2011లో ఇంటివద్ద నవజాతశిశుసంరక్షణను వారి విధులలో చేర్చిరి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42 దినములందును, ఇంట పుట్టిన బిడ్డను వీనితోపాటు మొదటి దినమునను చూడవలెనని నియమము. అనగా పల్లెపడతులు కూర్చిన జ్ఞానమే నేడు మన యిండ్లకు తిరిగి వచ్చుచున్నది.

కావున, అమ్మలారా! ఆశా కార్యకర్త పుస్తకము చేతబట్టి మీ వాకిట నిలిచినపుడు పనిలేని ప్రశ్న లడుగుచున్నదని విసుగుకొనకుడు. కూర్చుండ పీట వేయుడు. ఈ వ్రాత దేనికని తప్పక యడుగుడు. అది మీ హక్కు. ఇష్టము లేనిచో పరిశోధనకు సమ్మతింపకుండుటయు మీ హక్కే. సమ్మతించినచో మాత్రము ఉన్నదున్నట్లు చెప్పుడు. కడచిన సారి వ్రాసికొనిపోయినదానివలన నేమి తేలినదని కూడ నడుగుడు. ఆ ప్రశ్నకు సమాధానము మీకును, ఆమెకును రావలసియున్నది.